శునకమునకు జన్మదోషము కలదా?

మహాభారత కథ ఒక కుక్కకు తగిలిన దెబ్బతో ఆరంభమగుచున్నదని చాలమందికి జ్ఞప్తి యుండదు. జనమేజయుడు కురుక్షేత్రమున సత్రయాగము చేయుచుండగా, సరమ యను దేవశునకము యొక్క బిడ్డ సారమేయుడు ఆ చోటికి వచ్చెను. రాజు తమ్ములు వానిని కొట్టి తరిమిరి. వాడు హవిస్సును నాకలేదు, దానివంక చూడనైన లేదు. ఏడ్చుచు తల్లి కడకు పోయెను. సరమ యాగశాలకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగినది. బదులు చెప్పినవారు లేరు. తప్పు చేయనివానిని కొట్టితిరి గావున మీకు కానరాని భయము వచ్చునని పలికి ఆమె వెడలిపోయినది. నన్నయభట్టు సైతము ఆదిపర్వమున ఈ కథను మొదటి కథలలోనే నిలిపినాడు.

ఆ రాజపుత్రులు బదులు చెప్పియుండినచో ఏమి చెప్పెడివారో ఊహించుట కష్టము కాదు. వచ్చినది కుక్క, కుక్క గనుక హవిస్సును ముట్టును, ముట్టక మునుపే కొట్టుట మేలు. ఇందులో కొంత తర్కము లేకపోలేదు. యాగమును కాపాడవలసిన వారికి జాగ్రత్త అవసరమే. కాని సరమ అడిగిన ప్రశ్న ఆ తర్కమునకు లొంగలేదు. చేసిన దానికి గాక, చేయగలదని తలచిన దానికి, అదియును పుట్టిన జాతిని బట్టి తలచిన దానికి, ఒక ప్రాణిని దండించుట న్యాయమా?

ఈ ప్రశ్న పురాణములకు పరిమితమైనది కాదు. 1991లో బ్రిటన్ పార్లమెంటు ప్రమాదకర శునకముల చట్టమును చేసినది. పిట్‌బుల్ టెరియర్, జపాను దేశపు తోసా, డోగో అర్జెంటీనో, ఫీలా బ్రసిలైరో అను నాలుగు రకముల కుక్కలను ఉంచుకొనుటయే ఆ చట్టము వలన నేరమైనది. అందులో 'జాతి' అను మాటకు గాక 'రకము' అను మాటకు ప్రాధాన్యము. అనగా ఆ కుక్క తల్లిదండ్రు లెవరో తెలియ నక్కరలేదు. తల వెడల్పు, ఛాతీ లోతు, కాళ్ళ పొడవు కొలిచి చూచిన చాలును. ఆ రకము కాదని నిరూపించు భారము యజమానిదే. మొదటి ఆరేండ్లు న్యాయస్థానమునకు సైతము చేతులు కట్టివేసినట్లుండెను. 1997లో చట్టమును సవరించిన తరువాతనే, ప్రజలకు అపాయము లేదని తోచిన కుక్కను కొన్ని నిబంధనలతో బ్రతుకనిచ్చు అధికారము న్యాయమూర్తులకు కలిగినది. ఆ నాలుగింటికి తోడు ఎక్సెల్ బుల్లీ అను ఐదవ రకమును చేర్చెదమని 2023 సెప్టెంబరులో నాటి ప్రధాని రిషి సునాక్ ప్రకటించెను. 2024 ఫిబ్రవరి 1 నుండి ఇంగ్లండు, వేల్సులలో మినహాయింపు పత్రము లేక ఆ కుక్కను ఉంచుకొనుట నేరము. మగ కుక్క భుజము కడ 51 సెంటీమీటర్లు, ఆడ కుక్క 48 సెంటీమీటర్లు ఎత్తు మించుట అందులో మొదటి గుర్తు. ప్రాణి యొక్క గుణదోషములను కొలబద్దతో నిర్ణయింపజూచుట వింతయే.

భారత ప్రభుత్వపు పశుసంవర్ధక శాఖ 2024 మార్చి 12న రాష్ట్రములన్నిటికి ఒక లేఖ వ్రాసినది. పిట్‌బుల్, రాట్‌వైలర్, కేన్ కోర్సో మొదలైన 23 రకముల కుక్కలను అమ్ముటకు గాని, పెంచుటకు గాని అనుమతి ఈయవలదని, ఇప్పటికే ఇండ్లలో నున్న వానికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయింపవలెనని దాని తాత్పర్యము. ఆ పట్టికలో తోసా యను జపాను కుక్క రెండు పేర్లతో రెండుమార్లు కనిపించును. 'టెరియర్లు' అను ఒక్క మాటతో, ఒడిలో పట్టు చిన్న కుక్కలు మొదలుకొని అనేక జాతులు ఒకే గాటను కట్టబడినవి. భయముతో వ్రాసిన పట్టికలు ఇట్లే యుండును కాబోలు. సంబంధించిన వారి మాట వినకయే ఆజ్ఞ చేసిరని, కర్ణాటక ఉన్నత న్యాయస్థానము అదే సంవత్సరము ఏప్రిల్ నెలలో దానిని కొట్టివేసినది.

అయినను ఈ పట్టికలను చూచి నవ్వి ఊరకుండుట తగదు. వాని వెనుక నున్నది నిజమైన దుఃఖము. 2022 జూలైలో లక్నో నగరమున ఇంటి పెంపుడు పిట్‌బుల్ ఆ ఇంటి వృద్ధురాలినే చంపినది. బ్రిటన్‌లో 2022, 2023 సంవత్సరములలో కుక్కల వలన మరణించినవారి సంఖ్య మునుపటికంటె పెరిగినది. అందు పెక్కింటికి ఎక్సెల్ బుల్లీలే కారణము. దృఢమైన దవడ, బలిసిన మెడ, పట్టిన పట్టు విడువని స్వభావము గల కుక్క ఒక్కమారు కరచినను ప్రాణాపాయము. చిన్న కుక్క పదిమార్లు కరచినను అంత కీడు రాదు. బిడ్డను చంకనెత్తుకొని వీధిలో పోవు తల్లి ఆ కుక్కను చూచి పక్కకు తొలగినచో ఆమెను అజ్ఞాని యనుట అన్యాయము. శునకప్రియులు కొందరు ఈ తల్లిని ఎగతాళి చేయుదురు. వారి దయ కుక్క వరకు వచ్చి ఆగిపోయినదని చెప్పవలసియున్నది.

కాని హైదరాబాదు నగరమున అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరి 19న జరిగిన ఘోరమును కూడ ఈ సందర్భముననే తలచుకొనవలెను. నాలుగేండ్ల బాలుని కుక్కలు చుట్టుముట్టి చంపినవి. ఆ దృశ్యము తెలుగునాట ఇంటింటను కన్నీరు పెట్టించినది. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము తనంత తానుగా విచారణకు చేపట్టినది. ఆ కుక్కలకు జాతి పేరేదియు లేదు. వీధిలో పుట్టి, వీధిలోని ఎంగిలి తిని పెరిగిన మంద అది. ఇరువదిమూడు పేర్ల పట్టిక ఎంత కఠినముగ అమలు జరిగియున్నను ఆ పసివానిని కాపాడియుండెడిది కాదు. భయము నిజమే, భయము వేలు చూపించిన దిక్కు మాత్రము వేరు.

వీధికుక్కల విషయమున సుప్రీంకోర్టు 2025లో చేసిన ఉత్తర్వులు ఇచట గమనింపదగినవి. ఢిల్లీ పరిసరములలోని వీధికుక్కలనన్నిటిని పట్టి ఆశ్రయములకు తరలింపవలెనని ఆగస్టు 11న ఆజ్ఞ వెలువడినది. పదకొండు దినముల తరువాత, ఆగస్టు 22న, విస్తృత ధర్మాసనము దానిని మార్చినది. శస్త్రచికిత్స చేసి, టీకా వేసిన కుక్కను పట్టిన చోటనే విడువవలెను. పిచ్చి సోకిన దానిని, దుడుకు ప్రవర్తన గల దానిని మాత్రము విడువరాదు. బడులు, ఆసుపత్రులు, బస్సు నిలయముల వంటి చోటులనుండి కుక్కలను తొలగింపవలెనని నవంబరులో మరల వేరుగా చెప్పబడినది. ఇందు వాదవివాదములు చాలగలవు. అయినను 'కుక్క' అను పేరు చాలదు, ఏ కుక్క యేమి చేసినదో చూడవలెనను భేదము ఆ పదకొండు దినములలో లోపలికి ప్రవేశించినది.

జాతికి అంటగట్టిన అపకీర్తి ఎంత చంచలమైనదో తెలియుటకు ఆల్సేషియన్ చరిత్ర యొక్కటి చాలును. జర్మనీ దేశమున మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ అను అశ్వికదళపు దొర 1899లో ఒక గొర్రెల కాపరి కుక్కను కొని, దానికి హోరాండ్ అని పేరిడి, దాని సంతతినుండి జర్మన్ షెపర్డ్ అను జాతిని రూపొందించెను. మొదటి ప్రపంచ యుద్ధమున జర్మనీ పేరు విన్న బ్రిటిషువారికి మండిపడుట సహజమయ్యెను. అందుచేత ఆ కుక్కకు పేరు మార్చి, 1919లో 'ఆల్సేషియన్ తోడేలు కుక్క' అని నమోదు చేసికొనిరి. జర్మనీ పోయినది గాని తోడేలు వచ్చి చేరినది. పేరులో తోడేలున్నది గనుక రక్తములో కూడ తోడేలే యున్నదని జనులు నమ్మజొచ్చిరి. ఆ మాటను తరువాత తీసివేసినను నమ్మకము పోలేదు. ఆస్ట్రేలియా దేశపు గొర్రెల పెంపకందార్లు, ఈ కుక్కలు అడవికుక్కలతో కలిసి క్రూరమైన సంకరజాతిని కనునని గగ్గోలు పెట్టగా, 1929లో అక్కడి ప్రభుత్వము వాని దిగుమతిని నిషేధించెను. నిషేధము 1970 దశకము వరకు నిలిచినది. బ్రిటన్‌లో జర్మన్ షెపర్డ్ అను సొంత పేరు తిరిగి దక్కుటకు 1977 వరకు పట్టినది.

అదే 1929వ సంవత్సరము జనవరిలో అమెరికా దేశమున నాష్‌విల్ నగరమున 'సీయింగ్ ఐ' అను సంస్థ వెలసినది. అంధులకు దారి చూపుటకు కుక్కలను తర్ఫీదు చేయుట దాని పని. మోరిస్ ఫ్రాంక్ అను అంధ యువకుడు స్విట్జర్లాండుకు పోయి, డొరొతి యూస్టిస్ అను విదుషీమణి నడపు శిక్షణాలయమున నేర్చుకొని, బడ్డీ యను ఆడకుక్కతో 1928లో తిరిగివచ్చెను. న్యూయార్క్‌లో వాహనముల రొద నడుమ బడ్డీ అతనిని వీధి దాటించుటను పత్రికల వారు చూచి విస్తుపోయిరి. ఆ బడ్డీ జర్మన్ షెపర్డ్. ఒక ఖండమున రేవులో దింపనీయని జాతి, మరియొక ఖండమున కన్నులు లేనివాని ప్రాణమును మోయుచుండెను. కుక్క మారలేదు. దాని మెడకు కట్టిన పట్టా కొనను పట్టినవాడు మారెను.

తరువాతి తరములలో ఆ భయము డాబర్‌మన్ మీదికి, దాని నుండి రాట్‌వైలర్ మీదికి, పిదప పిట్‌బుల్ మీదికి జరిగినది. భారత ప్రభుత్వపు 2024 నాటి పట్టికలో ఆల్సేషియన్ గాని డాబర్‌మన్ గాని లేవు. ఒకనాడు భయపెట్టినవి ఇపుడు పోలీసు శాఖ కవాతులలో చప్పట్లు కొట్టించుకొనుచున్నవి.

ఇచట ఆలోచనాపరుడు ఒక ఆక్షేపణ చేయవచ్చును. కుక్కల జాతులు మనుష్యుడు కావలెనని చేసినవి గదా! గొర్రెలను మళ్ళించుటకు ఒకటి, నీటిలో పడిన పక్షిని తెచ్చుటకు ఒకటి, కుందేటిని తరుముటకు ఒకటి. కూడలసంగమమున్న బాగలకోటె జిల్లాలోనిదే ముధోళ పట్టణము; ఆ ఊరి పేరిట ప్రసిద్ధమైన వేటకుక్క సన్నని నడుముతో, పొడవాటి కాళ్ళతో, కంటితో చూచిన దానిని గాలివలె తరుమును. 2016 నుండి భారత సైన్యము దానిని మీరట్‌లో శిక్షణకు తీసికొన్నది. తరుము గుణము వంశమున వచ్చినదే. అటులే పోరాటమునకై తరతరములుగ ఎంచి పెంచిన కుక్కకు పోరాట గుణము రాదా?

ఆక్షేపణ బలమైనదే. దానికి ఊహతో గాక పరిశీలనతో బదులు చెప్పవలెను. 2022లో 'సైన్స్' పత్రికలో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో 18,385 కుక్కల నడవడిని గూర్చి యజమానులను ప్రశ్నించి, 2,155 కుక్కల జన్యువులను పరీక్షించిరి. రూపము చాలవరకు జాతిని బట్టి వచ్చును. నడవడి మాత్రము అట్లు కాదు. ఒక కుక్కకును మరియొక కుక్కకును గల స్వభావ భేదములో జాతి వలన వచ్చునది నూటికి సుమారు 9 పాళ్ళు మాత్రమే. అందులోను యజమాని మాట వినుట వంటి గుణములలో జాతి ప్రభావము కొంత కనిపించినది. రెచ్చగొట్టిన ఎంత త్వరగ కోపించును అను విషయములో అది మిక్కిలి తక్కువ. పెద్ద శరీరము, బలమైన దవడ జాతి ఇచ్చినవే. కాటు పడినచో దెబ్బ ఎంత లోతుగ నుండునో జాతి కొంత చెప్పగలదు. కరచునో లేదో చెప్పలేదు.

తెలుగు భాషలో ఒక చిక్కు కలదు. కుక్కల విషయమున 'జాతి' అనుచున్నారు, మనుష్యుల విషయమునను 'జాతి' అనుచున్నారు. మాట యొక్కటైనంత మాత్రమున విషయ మొక్కటి కాదు. కుక్కల జాతులను మనుష్యుడు ఈనిక ఈనికకు ఎంచి, జతకట్టించి, పట్టీలు వ్రాసి, బుద్ధిపూర్వకముగ తయారుచేసినాడు. మనుష్య కులములను ఎవరును అట్లు తయారుచేయలేదు. అవి వృత్తిచేతను, అధికారముచేతను, అలవాటుచేతను ఏర్పడిన గోడలు. అంత పట్టుదలతో వంశమును మలచిన కుక్కయందే పుట్టుక నూటికి 9 పాళ్ళ స్వభావమును మించి నిర్ణయింపలేకపోయినపుడు, మనుష్యుని పుట్టుకనుండి అతని శీలమును చెప్పబూనుట ఎంత సాహసము! పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున మధువరసుని కుమార్తెకును హరళయ్య కుమారునకును వివాహము జరిగినపుడు బిజ్జలుని కొలువు ఆ రెండు కుటుంబముల వారు చేసిన అపకార మేమియో చూపలేదు. పుట్టుకలు మాత్రమే చూపినది. శరణ చరిత్రలు చెప్పు దాని ప్రకారము ఇరువురు తండ్రులును ప్రాణములు కోల్పోయిరి. వేదము చదువు అర్హతను గూర్చి వాదము వచ్చినపుడు హావినహాళ కల్లయ్య ఒక కుక్కచేత వేదము పలికించెనని చెప్పు కథ కూడ ఆ చరిత్రలలోనిదే. కథను అక్షరాల నమ్మినను, నమ్మకపోయినను, ఆ సభలో సిగ్గుపడవలసినది కుక్క కాదని వినువారందరకును తెలియును. సుమతీ శతకమున శునకమును సింహాసనమెక్కించు పద్యమును బాలురు వల్లెవేయుదురు. పుట్టుగుణము మానదని దాని భావము. పద్యము మధురమైనది. శునక శాస్త్రము మాత్రము దానిని బలపరచుట లేదు.

మరి ఆ మిగిలిన భాగము ఎక్కడనుండి వచ్చుచున్నది? అందు చాల భాగము కుక్కపిల్ల కన్నులు తెరచిన కొలది వారములలోనే ఏర్పడును. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు బార్ హార్బర్‌లో స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు ఐదు జాతుల కుక్కలను పెంచి పరిశీలించి 1965లో గ్రంథము ప్రకటించిరి. మూడవ వారమునుండి సుమారు పండ్రెండవ వారమువరకు గల కాలము కుక్కపిల్లకు లోకపరిచయ కాలమని వారు తేల్చిరి. ఆ దినములలో మనుష్యుల చేతులు, పిల్లల అరుపులు, బండ్ల చప్పుడు, గొడుగులు, కర్రలు చూచి అలవాటుపడిన పిల్ల వానిని శత్రువులుగ భావింపదు. పదునాలుగు వారములు మనుష్యస్పర్శ లేక పెరిగిన పిల్లలు అడవి మృగములవలె బెదరిపోవుట అక్కడి పరీక్షలలోనే 1961లో వెల్లడియైనది. కుక్క కరచుట చాలమారులు ధైర్యము వలన గాదు, బెదురు వలన. ఇది తెలిసినవారు తక్కువ.

ఇండ్లలో జరుగునదేమి? కావలి కొరకని కొన్న పిల్లను గేటు ప్రక్కన గొలుసుతో కట్టివేయుదురు. వచ్చిపోవువారు దానికి నీడలే గాని మనుష్యులుగ పరిచయము కారు. వీధి పిల్లలు గేటు సందునుండి రాళ్ళు రువ్వుదురు. 'కుక్క యున్నది జాగ్రత్త' అను పలక తగిలించి ఇంటివారు గర్వింతురు. మాంసము పెట్టినందువలన కుక్కకు క్రౌర్యము వచ్చునని శాకాహారుల ఇండ్లలో ఒక నమ్మకము. పెరుగన్నము తిను కుక్క సైతము రేయింబవళ్ళు గొలుసున నుండినచో ఒకనాటికి కరచునని ఆ ఇండ్లవారే ఎరుగుదురు. అమెరికాలో 2000 నుండి 2009 వరకు కుక్కకాటు వలన సంభవించిన 256 మరణములను విచారించిన పశువైద్యులు 2013లో ప్రకటించిన వివరములు ఈ విషయమున కన్ను తెరపించును. నూటికి 87 సందర్భములలో అడ్డుపడగల శక్తిమంతుడు దగ్గర లేడు. నూటికి 85 సందర్భములలో మరణించినవారికి ఆ కుక్కతో పరిచయము లేదు. నూటికి 76 సందర్భములలో కుక్క ఇంటివారితో కలసిమెలసి పెరగక, గొలుసునకో దొడ్డికో విడిచిపెట్టబడినది. ఇట్టి కారణములు నాలుగైనను కలిసివచ్చినవి నూటికి 80. జాతి యిదియని రూఢిగ చెప్పగలిగినవి మాత్రము నూటికి 18 కంటె తక్కువ. పత్రికలలో జాతి పేరు పెద్ద అక్షరములలో పడును. గొలుసు మాట ఎక్కడను పడదు.

శిక్షణ పేరిట జరుగునది మరియొక ప్రకరణము. జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ 1910లో వ్రాసిన గ్రంథము మొదలుకొని, బలప్రయోగముతో కుక్కను లొంగదీయుటయే శిక్షణ యను మార్గము చాలకాలము నడచినది. తోడేళ్ళ మందలో ఒకటి పోరాడి నాయకత్వము సంపాదించును గావున యజమాని కూడ కుక్కను క్రిందపడవేసి తన ఆధిక్యము చూపవలెనని దానికొక సిద్ధాంతము తోడైనది. ఆ సిద్ధాంతమునకు మూలము 1947లో షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు బంధింపబడిన తోడేళ్ళను చూచి వ్రాసినది. డేవిడ్ మెక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1970లో తన గ్రంథమున దానికి ప్రచారము కల్పించెను. తరువాత అతడే అడవిలో స్వేచ్ఛగ తిరుగు తోడేళ్ళను ఏండ్ల తరబడి చూచి, మంద యనగా తల్లి, తండ్రి, వారి పిల్లలు గల కుటుంబమేనని 1999లో ప్రకటించి, పాత గ్రంథమును ఇక ముద్రింపవలదని ప్రచురణకర్తలను పలుమారులు కోరెను. తాను వ్రాసిన దానిని తానే ఆపుమన్న పండితుడు అరుదు. ఆ పొరపాటు సిద్ధాంతమును నమ్మి కుక్కలను కొట్టువారు మాత్రము అరుదు కారు.

కొట్టిన ఫలమేమి? 2009లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, తమ కుక్కను కొట్టితిమని గాని తన్నితిమని గాని చెప్పిన యజమానులలో నూటికి 43 మంది, అందువలన కుక్క మరింత కోపించి ఎదురుతిరిగినదని చెప్పిరి. అంతకంటె సూక్ష్మమైన కీడు మరియొకటి కలదు. కుక్క కరచుటకు మునుపు చెప్పవలసినదంతయు చెప్పును. ముఖము తిప్పుకొనును, పెదవులు నాకుకొనును, ఆవులించును, ఒడలు బిగించి కదలక నిలుచును, గుర్రుమనును. మొరిగెడు కుక్క కరవదను సామెతను నమ్మి మోసపోయినవారు కలరు గాని, గుర్రుమను కుక్కను లెక్కసేయక మోసపోయినవారు అంతకంటె ఎక్కువ. గుర్రుమనినందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనుట మానివేయును, కరచుట మానదు. ఇంటివారు, కుక్క మంచిదైనదని సంతోషింతురు. ఇక అది హెచ్చరిక లేక కరచును. 'ఏ కారణము లేకుండ కరచినది' అని చెప్పబడు కథలలో పెక్కింటికి మూలమిదియే.

మంచి శిక్షకుడు చేయు పని చూచుటకు అంత వేడుకగ నుండదు. కుక్క సరియైన పని చేసిన క్షణముననే ఒక మెతుకో, ఒక మెచ్చుకోలు మాటో ఇచ్చును. తప్పు చేయు సందర్భము రానీయడు. బెదరు వస్తువును దూరమునుండి చూపించి, దినదినము కొంచెము దగ్గరకు తెచ్చును. పసిబిడ్డను, కుక్కను ఒంటరిగ ఒక గదిలో ఎన్నడును విడువడు, ఆ కుక్క ఏ జాతిదైనను సరే.

పుట్టుకయే కాదు, దుష్ట శిక్షణ సైతము తుదితీర్పు కాదని చూపిన ఉదంతము ఒకటి 2007లో అమెరికాలో జరిగినది. మైకేల్ విక్ అను పేరుమోసిన ఫుట్‌బాల్ ఆటగానికి చెందిన స్థలమున కుక్కల పోరాటములు నడుపుచున్నట్లు బయటపడి, యాభైకి పైగా పిట్‌బుల్ కుక్కలను అధికారులు స్వాధీనపరచుకొనిరి. అతనికి 23 నెలల కారాగార శిక్ష పడినది. అంతకుమునుపు పోరాట కుక్కలను పట్టినచో విచారణ లేక చంపుటయే వాడుక. జంతు సంక్షేమమును కోరు సంస్థలలో కొన్ని సైతము ఈమారు అట్లే చేయుమని సలహా ఇచ్చినవి. న్యాయస్థానము మాత్రము ఒక్కొక్క కుక్కను విడివిడిగా పరీక్షింపజేసినది. దుడుకుతనము కారణముగ చంపవలసి వచ్చినది ఒక్కటి మాత్రమే. తక్కినవానిలో కొన్ని ఇండ్లకు చేరి పిల్లలతో ఆడుకొన్నవి. కొన్ని రోగులకు ఊరట కలిగించు పనికి ఆసుపత్రులకు పోయినవి. కొన్నిటి బెదురు మాత్రము ఎన్నడును తీరలేదు. అవి ఆశ్రయములలోనే ఆయువు గడపినవి. పట్టిక నమ్మినచో అన్నియు ఒక్కటే. ఒక్కొక్కదానిని చూచినచో ఏ రెండును ఒక్కటి కావు.

పేర్ల పట్టికలను నమ్ముకొన్న దేశములు కొన్ని వెనుకకు తిరిగినవి. నెదర్లాండ్స్ 1993లో చేసిన నిషేధమును, కాట్లు తగ్గనందున, 2008లో విడిచిపెట్టినది. ఇటలీ 2003లో వ్రాసిన పొడవైన పట్టికను 2009లో తీసివేసి యజమానుల బాధ్యతను నొక్కిచెప్పినది. అమెరికాలోని డెన్వర్ నగరము 1989 నుండి పిట్‌బుల్‌లను నిషేధించియుండగా, 2020లో ప్రజలు ఓట్లు వేసి ఆ నిషేధమును అనుమతి పత్రముల పద్ధతిగా మార్చిరి. బ్రిటన్ వారు మాత్రము పట్టికను పెంచిరి. బిడ్డలను పోగొట్టుకొన్నవారి యెదుట గణాంకములు చెప్పలేని పాలకుల సంకటమును కూడ అర్థము చేసికొనవలసినదే. అయినను పట్టిక వలన యజమానికి ఒక సుఖము కలుగుచున్నదని మరువరాదు. తన కుక్క పేరు అందులో లేనిచో గొలుసును గూర్చి గాని, టీకాను గూర్చి గాని, మూతి చిక్కమును గూర్చి గాని తన్నెవరును అడుగరు. పేరు ఉన్నచో తప్పు కుక్కది, తనది కాదు.

ఇంత చెప్పిన తరువాతను తెగని ముడి యొకటి మిగులును. ఒక కుక్క నిజముగనే మనుష్యుని చంపినది. పిల్లగా నున్ననాడు ఎవరును దానిని లాలింపలేదు, ఏండ్ల తరబడి గొలుసున నుండినది, కొట్టి కోపము నేర్పబడినది. అది తన జాతిని కోరుకొనలేదు, యజమానిని కోరుకొనలేదు. దానిని బ్రతుకనిచ్చిన రేపు మరియొక బిడ్డకు అపాయము. చంపినచో యజమాని చేసిన పాపమునకు ప్రాణమిచ్చునది అదియే. దయయే ధర్మమని నమ్మువారు ఇందు ఏ పక్షమును తేలికగ చేపట్టలేరు. ప్రజలకు అపాయకరమా కాదా యని తేల్చుటకు బ్రిటన్ న్యాయస్థానములు రెండు ప్రశ్నలు వేయవలెనని 2014లో చట్టమును సవరించిరి. ఆ కుక్క స్వభావమెట్టిది, ఇంతకుమునుపు దాని నడవడి ఎట్లున్నది అనునది మొదటిది. దానిని ఉంచుకొనుటకు ఆ మనుష్యుడు తగినవాడా యనునది రెండవది. రెండవ ప్రశ్నకు కాదని బదులు వచ్చిన సందర్భములలో సైతము ప్రాణము పోవునది చాలమారులు కుక్కదే.